శేషారత్నానికి మమకార లోపం

నిర్మమ సాధనా కేంద్రం పుట్టిన నాటి నుంచి మొదటి మెట్టు మీదే ఆగిపోయిన మనిషి ఒక్క శేషారత్నమే.

ఆ కేంద్రం ఊరికి దూరంగా ఒక గుట్ట మీద ఉంది. హిమాలయాల్లో ఉన్నట్టే ఉంటుందని వాళ్ళ కరపత్రంలో రాశారు గానీ, హిమాలయాల్లో ఇంత ఉక్కపోత ఉంటుందని శేషారత్నం అనుకోలేదు. వానాకాలం నాలుగు నెలలూ అక్కడే ఉండి ధ్యానం, అధ్యయనం చేసుకోవాలి. సకల దుఃఖాలకూ మూలం 'నాది' అనే భావమే గనక, దాన్ని మెట్టుమెట్టుగా వదిలించి మనిషిని శుభ్రంగా ఇంటికి పంపుతామని వాళ్ళ హామీ. మెట్లు మూడు. మొదట, నాది అనుకునేవాటిని గుర్తించాలి. తరవాత, వాటిని తలుచుకుంటూ కళ్ళు మూసుకోవాలి. చివరికి అందరి ముందూ నిలబడి 'ఇది నాది కాదు' అని మూడుసార్లు అని వదిలెయ్యాలి. వదిలేసినవాళ్ళకి కాషాయానికి కాస్త ఇటుగా ఉన్న రంగు కండువా కప్పుతారు.

శేషారత్నం కోరి రాలేదు. సర్వే శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైన ఆవిడ భర్త సదాశివరావు, చేతికి పని తగ్గాక మనశ్శాంతి మీద పడ్డాడు. "ఇద్దరం వెళ్దాం రత్నం, నీకూ పుణ్యం వస్తుంది" అన్నాడు. పుణ్యం మాటెలా ఉన్నా, తన మాత్రలూ మఫ్లరూ ఎక్కడున్నాయో చెప్పే మనిషి అక్కడ దొరకదని ఆయన భయం. తీరా వచ్చాక మగవాళ్ళకి విడివిడి గదులు, ఆడవాళ్ళకి అందరికీ కలిపి ఒక పెద్ద హాలు అన్నారు. ఆయన గది దారి పట్టాడు. ఆవిడ హాల్లో ఒక మూల చాప పరుచుకుంది.

మర్నాడు పొద్దున్నే మొదటి మెట్టు. గురువుగారు ఎప్పుడూ ఏదో ఒక దేశంలో ఉంటారు. ఏ దేశంలో ఉన్నారన్న పట్టింపు కూడా కేంద్రానికి లేదు. అన్నీ చూసుకునేది వామనమూర్తి. ఆయన హోదా 'మమకార నిర్మూలన విభాగ ప్రధాన పర్యవేక్షకులు'. మనిషి పొట్టి, మాట పొడుగు.

"చెప్పవలెను. ఏయే వస్తువుల యందు తమకు మమకారము కలదు?"

"నాకేం ఉంటాయండీ."

"అట్లనరాదు. ప్రతి జీవికీ ఉండును. ఇంటియందు తమ మంచము?"

"మంచం ఆయనదండీ. నేను హాల్లో దివాను మీద పడుకుంటా. చుట్టాలొస్తే వంటింట్లో చాప. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ."

"తమ కంచము?"

"కంచాల మీద పేర్లుంటాయి కదండీ. పెళ్ళిలో వచ్చినవాటి మీద ఇచ్చినవాళ్ళ పేర్లు కొట్టించారు. తరవాత కొన్నవాటి మీద ఈయన పేరు కొట్టించాం. ఏది కడిగుంటే దాంట్లో తింటా."

"తమకు మిక్కిలి ప్రీతికరమైన వంటకము?"

"గుత్తొంకాయ కూర."

వామనమూర్తి ఆనందంగా ముందుకి వంగాడు.

"మా చిన్నాడికి ప్రాణమండీ అది."

"తమకు తల్లీ, తమకు!"

శేషారత్నం చాలాసేపు ఆలోచించింది. పరీక్షలో తెలిసిన ప్రశ్నకి జవాబు గుర్తు రానట్టు ఆవిడకే సిగ్గేసింది. "మిగిలింది తింటానండీ. బానే ఉంటుంది" అంది.

"సెల్‌ఫోను?"

"మనవడు ఆడుకుంటాడు. మోగితే తెచ్చిస్తాడు, మంచి పిల్లాడు."

"సంతానము?"

"కోడళ్ళ వాళ్ళయిపోయారు."

వామనమూర్తి నుదురు తుడుచుకున్నాడు. "పోనిండు. భర్త! భర్తయందు మమకారము లేని భారతనారి ఉండునా?"

"ఆయన వాళ్ళమ్మగారి మనిషండీ" అంది శేషారత్నం. "ఆవిడ పోయి చాలా కాలమైంది. అయినా ఆవిడ మనిషే."

దాచిపెడుతోందేమోనని అనుమానం వచ్చి ఆవిడ సంచీ తెరిపించారు. అడుగున రెండు చీరలున్నాయి. పైన సదాశివరావు మాత్రలు, మఫ్లరు, మోకాలి పట్టీ, ఆయన చదివే పేపరు తాలూకు ఆదివారం అనుబంధం, ఆయనకి పడని పప్పు పెడితే పనికొస్తుందని ఒక కారప్పొడి డబ్బా. వామనమూర్తి వాటిని చూసి, సంచీని చూసి, ఆవిడని చూసి, "ఇట్టి స్థితి మా పాఠ్యప్రణాళికలో లేదు" అన్నాడు.

సదాశివరావు సంగతి వేరు. నా కుర్చీ, నా గ్లాసు, నా వైపు ఫ్యాను, ఎవరూ మడత విప్పని నా పేపరు, నా రిమోటు, నా దువ్వెన, నా గోరుకత్తెర అని ఆయన చెప్పుకుపోతుంటే వామనమూర్తికి కళ్ళు చెమర్చాయి. "ఎంతటి సామగ్రి! ఎంతటి సామగ్రి!" అని వీపు తట్టాడు. ఆయన్ని ఆ పూటే రెండో మెట్టు ఎక్కించారు.

శేషారత్నం మాత్రం ధ్యానమందిరంలో కూర్చుని అందరిలాగే కళ్ళు మూసుకుంది. గాలి పీల్చి, వదిలేటప్పుడు 'నాది కాదు' అనుకోవాలి. బానే ఉంది అనుకుంటుండగా వామనమూర్తి చెవి దగ్గరికొచ్చి, "తమరు దేనిని వదులుచున్నారు?" అని అడిగాడు.

"ఊపిరండీ."

"అది చాలదు" అని ఆవిడని లేపి బయట కూర్చోబెట్టాడు.

ఆ సాయంత్రం విభాగం సమావేశమైంది. వామనమూర్తి నిలబడి, "వదలుటకు వస్తువు లేనిచో వదలుట సాంకేతికముగా అసాధ్యము" అన్నాడు. అందరూ తలూపారు. "సదరు సాధకురాలికి తొలుత ఒక మమకారము కలుగవలెను. దానంతట అది కలుగనిచో కేంద్రమే కలిగించవలెను. ఇది మన ధర్మము." మళ్ళీ తలూపారు. ఆవిడకి పెట్టిన జబ్బు పేరు మమకార లోపం. వైద్యం పేరు మమకార పోషణ.

అలా శేషారత్నానికి ఒక గది వచ్చింది.

విదేశీ అతిథుల కోసం కట్టి, వాళ్ళు రాక మూసిపెట్టిన గది అది. గుట్ట అంచున, లోయవైపు కిటికీతో ఉంది. వామనమూర్తి స్వయంగా తాళం తీసి, "ఇది తమరిదని భావించవలెను" అన్నాడు. "మమకారము ఏర్పడినదని మేము నిర్ధారించిన మరుక్షణము దీనిని వదలి, కండువా ధరించి, భర్తతో స్వగృహమునకు పోవచ్చును. ఏర్పడువరకు ఇందే ఉండవలెను. తెలిసినదా?"

"ఎవరెవరం ఉంటామండీ?"

"తమరొక్కరే."

శేషారత్నం ఇంకెవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూసింది. ఎవరూ రాలేదు. వామనమూర్తి కూడా వెళ్ళిపోయాడు. ఆవిడ మంచం అంచున, ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చున్నట్టు కాస్తే ఆనుకుని కూర్చుంది. తరవాత లేచి తలుపు వేసింది. లోపల గడియ ఉంది. ఇంట్లో ఆవిడ గడియ వేసుకునేది ఒక్క స్నానాల గదికే. అక్కడ కూడా, "ఎంతసేపు?" అని ఎవరో ఒకరు తడుతూనే ఉంటారు. ఆవిడ గడియ వేసింది. తీసింది. మళ్ళీ వేసి, తలుపుకి చెవి ఆనించి విన్నది. ఎవరూ ఏమీ అడగలేదు. పట్టపగలు మంచం నిండా కాళ్ళు చాపుకుని పడుకుంది. లేచేసరికి సాయంత్రం ధ్యానం కూడా అయిపోయింది.

కొన్నాళ్ళకి వామనమూర్తి పరీక్షకి వచ్చాడు. వస్తూనే చెప్పులతో సహా మంచమెక్కి కూర్చుని, "ఇప్పుడు తమ మనసున ఏమనిపించుచున్నది?" అన్నాడు.

"దిండు కావాలా అండీ?"

ఆయన నిట్టూర్చి పోషణ పెంచాడు. కిటికీకి పరదా కట్టిస్తామన్నారు. ఏ రంగు కావాలని అడిగారు.

"ఏదైనా పర్లేదండీ."

"ఏదైనా అను రంగు తయారగుట లేదమ్మా."

ఆ రోజంతా ధ్యానంలో శేషారత్నానికి రంగులే కనిపించాయి. పిల్లల బట్టలకి రంగులు చూసింది, గోడలకి ఆయన చెప్పిన రంగు వేయించింది. తనకేది ఇష్టమో తెలియాలంటే ఎక్కడ వెతకాలో అర్థం కాలేదు. మర్నాడు వెళ్ళి, కాస్త భయంగా, "మామిడి పిందె రంగు దొరుకుతుందా?" అంది. దొరికింది. పరదా కట్టిన మధ్యాహ్నం ఎండ ఆ రంగులోంచి మంచం మీద పడితే, ఆవిడ ప్రవచనానికి వెళ్ళడం మానేసి దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆ తరవాత పేము కుర్చీ వచ్చింది. పొద్దున్నే కాఫీ గదికే రావడం మొదలైంది. వంటశాల నుంచి మొదటి దోసె, పెనం మీంచి దిగీ దిగకముందే, మూత పెట్టి పరుగున తెచ్చేవాళ్ళు. ఇంట్లో శేషారత్నం వంతుకి వచ్చేది ఆఖరి దోసె. గిన్నె గీరి వేసింది, దుప్పటిలా దళసరిగా ఉండేది. ఈ దోసె విరిస్తే చప్పుడైంది. ఆ చప్పుడుకి ఆవిడకి నవ్వొచ్చింది. ఇంకో ముక్క విరిచింది. మళ్ళీ నవ్వొచ్చింది. దోసె అయిపోయేదాకా ఒక్కతే నవ్వుతూ కూర్చుంది.

ఆ రోజే ఆవిడకి భయం కూడా పట్టుకుంది. ఇష్టం తెలిస్తే గది పోతుంది.

ఈ మాట ఒక్క అండాలుకే చెప్పింది. జనగామ నుంచి వచ్చిన అండాలుది హాల్లో శేషారత్నం పక్క చాప.

"ఇష్టమున్నదని పొరపాటున గూడ చెప్పకక్కా" అంది అండాలు గొంతు తగ్గించి. "చెప్పినవనుకో, గుంజుకుంటరు. మా ఇంట్ల గంతే. చిన్నప్పటి సంది నేను ఇది బాగున్నది అన్నదల్లా మా చెల్లెకు పోయింది, లేకపోతే మా ఆడబిడ్డకు పోయింది. ఇగ అనుడే బంద్ జేసిన."

"అబద్ధం ఎలా చెప్పనే, ఆశ్రమంలో?"

"ఇన్నేండ్లు ఏం జెప్పినవ్? గదే జెప్పు."

కాబట్టి వామనమూర్తి మళ్ళీ పరీక్షకి వచ్చి, "ఈ పరదాను పక్క గదికి మార్చుదుమా?" అన్నప్పుడు, శేషారత్నం గుండె చిక్కబట్టుకుని, "మార్చండి, నాకేం" అంది. ఆయన దిగులుపడి, పరదా ఉంచేసి, దానికి తోడు ఒక పూలకుండీ పంపించాడు. "కుర్చీ తీసివేయుదుమా?" అంటే, "అయ్యో, తీసుకెళ్ళండి" అంది. కుర్చీకి మెత్త వచ్చింది. ఎంత వద్దంటే అంత వచ్చి పడుతోంది. చివరికి విభాగం వాళ్ళు ఊళ్ళోంచి పేర్లు కొట్టే అతన్ని పిలిపించి స్టీలు గ్లాసు మీద ఆవిడ పేరు కొట్టించారు. ఇంటిపేరు లేదు, భర్త పేరు లేదు. చుక్కలు చుక్కలుగా ఒట్టి 'శేషారత్నం'. ఆవిడ దాన్ని చీరకొంగుతో తుడిచి, ఎవరైనా చూస్తున్నారేమోనని కిటికీలోంచి చూసి, మళ్ళీ తుడిచింది. వామనమూర్తి అడిగితే, "ఏ గ్లాసైతే ఏముందండీ" అంది.

"కఠినమైన కేసు" అనుకుంటూ వెళ్ళాడాయన.

అండాలు ఎంతకాలం ఊరుకుంటుంది? ఒకరోజు విభాగం గుమ్మంలో నిలబడింది.

"సారూ, నాక్కూడ గా రోగమే వచ్చింది."

"ఏ రోగము?"

"గదే, ఏం లేని రోగం. మా ఇంట్ల గొళ్ళెం గూడ మా మరిదిదే."

విచారించి చూస్తే నిజమే. ఆవిడ వెనక ఇంకొకరు. "నా అద్దం ముందు కూడా ఆయన గడ్డం సామానేనండీ." ఆవిడ వెనక మరొకరు. "నా పుట్టినరోజుకి మా మామగారి తద్దినం వస్తుందండీ, అందుకని చేసుకోం." మైకులో ప్రకటన చేశారు. "మమకార లోపము గల సాధకురాండ్రు వరుసలో నిలువవలెను." హాలు హాలంతా వచ్చి నిలబడింది. వరుస గేటు దాకా పోయింది. వామనమూర్తి ధైర్యం కోసం మగవాళ్ళ వైపు తిరిగి, "పురుషులయందు ఎవరికైనా ఈ లోపము కలదా?" అని అడిగాడు. ఒక్క చెయ్యీ లేవలేదు.

ఇంతమందికి గదులెక్కడివి? విభాగం మళ్ళీ సమావేశమైంది. మగవాళ్ళందరూ అప్పటికి మూడో మెట్టు మీద ఉన్నారు. ఒకణ్ణి మించి ఒకడు వదిలేస్తున్నారు. "గదియందు మమకారము వదలుట ఉత్తమోత్తమ త్యాగము" అని ప్రకటన రాగానే సదాశివరావు అందరికంటే ముందు లేచి, "ఈ గది నాది కాదు" అని మూడుసార్లు అనేశాడు. మిగతావాళ్ళు తామేం తక్కువ తిన్నామని వరసగా లేచారు. మధ్యాహ్నానికల్లా మగవాళ్ళ బ్లాకులోకి ఆడవాళ్ళు చేరారు. మగవాళ్ళు కొత్త కండువాలు వేసుకుని భోజనశాల వసారాలో చాపలు పరుచుకున్నారు.

ఇంకో చిక్కు వచ్చింది. వంటశాలలో కూరలు తరగడం, వండడం, గిన్నెలు తోమడం ఇంతకాలం సాధకురాండ్ర సేవ. ఇప్పుడు వాళ్ళంతా వైద్యంలో ఉన్నారు. "పోషణలో నున్న స్త్రీ కత్తిపీట ముట్టరాదు" అని వామనమూర్తి తేల్చాడు. "పరులకు సేవ చేసినచో, అంకురించిన మమకారము కరిగిపోవు ప్రమాదము కలదు. అన్నియు వదలిన పురుషులే నిష్కామకర్మకు అర్హులు."

అర్హులు వంటింట్లోకి దిగారు. మొదటిరోజు సదాశివరావు ఉప్మాకి పూనుకున్నాడు.

"ఉప్పు ఎంతెయ్యాలి?" అన్నాడొకాయన.

"రుచి మీద మమకారం వద్దన్నారుగా. వెయ్యకు."

"నీళ్ళు?"

"చూసి పొయ్యి."

"ఎంత చూడాలి?"

తయారైన ఉప్మా గరిటెకి రాలేదు. సదాశివరావు దాన్ని కత్తితో కొలిచి, సమానమైన ప్లాట్లుగా కోశాడు. సర్వే నంబర్లు వేసి హద్దురాళ్ళు పాతడం ఒక్కటే తక్కువ. అండాలు తన ప్లాటు చేతిలో పట్టుకుని తిప్పి చూసి, "గీ ఇటుకతోని ఇల్లు గట్టొచ్చు అన్నా, దినరాదు" అంది. అయినా ఆడవాళ్ళందరూ దాన్ని పళ్ళాల్లో పెట్టుకుని కూర్చుని తిన్నారు. పక్కన ఎవరో వడ్డిస్తుంటే, వేడిగా, కూర్చుని. వసారాలో మగవాళ్ళు చేతులు కాల్చుకుని ఊదుకుంటున్నారు. గుట్ట మీద అంత నవ్వు ఎప్పుడూ వినపడలేదని తోటమాలి చెప్పుకున్నాడట.

ఇదంతా ఇలాగే సాగిపోయేదే, ముసురు పట్టకపోతే. వసారాలో జల్లు కొట్టింది, మగవాళ్ళ బట్టలు ఆరడం మానేశాయి. ఒక పొద్దున సదాశివరావు స్నానం చేసి, ఎక్కడా ఖాళీ తీగ దొరక్క, భార్య గది గుర్తొచ్చి నేరుగా వచ్చాడు. కాఫీ కోసం తలుపు తీసే ఉంది.

"ఒసే రత్నం, నీ దగ్గర గాలి బాగా వస్తుందే" అంటూ, చేతిలో నీళ్ళోడుతున్న తువ్వాలుని పేము కుర్చీ వీపు మీద, మెత్త మీదికి కారేలా పరిచాడు.

"తియ్యండి!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. తన భార్యకి అంత గొంతుందని ఆయనకి తెలియదు.

"ముందా తడి తువ్వాలు తియ్యండి! నా కుర్చీ అది! నా మెత్త తడిసిపోతోంది! మనిషి గదిలోకి అడిగి రారా? ఇది నా గది!"

లోయలోంచి 'నా గది' అని ఇంకోసారి వినపడింది. వరండాలో, పరీక్షకని వస్తున్న వామనమూర్తి ఆగిపోయాడు. తరవాత రెండు చేతులూ పైకెత్తి వానలోకి పరిగెత్తాడు.

"కలిగినది! కలిగినది! గంట కొట్టుడు! మమకారము కలిగినది!"

గంటలు మోగాయి. చక్కెర పంచారు. శేషారత్నం మంచం మీద కూలబడింది. మర్నాడు పొద్దున్నే త్యాగం. ఆ తరవాత కండువా, బస్సు, ఇల్లు.

"పోన్లే, పీడా వదిలింది" అన్నాడు సదాశివరావు సంతోషంగా, నోట్లో చక్కెరతో. "ఇంటికెళ్ళగానే చింతపండు చారు పెట్టు. నాలుక చచ్చిపోయింది."

అండాలు వచ్చి పక్కన కూర్చుంది. "నీదొక్కటే గాదక్కా" అంది. "నువ్వు వదిలినంక వరసబెట్టి మమ్ముల గూడ అడుగుతరు. నాకు నిన్ననే పచ్చ పరదా గట్టిండ్రు."

శేషారత్నం పూలకుండీకి నీళ్ళు పోసి, అప్పటికే అది ముసురుకి తడిసి ఉందని గుర్తొచ్చి, ఎక్కువైన నీళ్ళు వంపేసింది.

పొద్దున ధ్యానమందిరం కిక్కిరిసింది. ముందుగా మగవాళ్ళు. సదాశివరావు అన్నిటికంటే పెద్ద కండువా మీద కన్నేశాడు. దానికి ఇంకొక్క త్యాగం కావాలి.

"తమ వద్ద వదలుటకు ఇంకేమి మిగిలినది?" అన్నాడు వామనమూర్తి.

సదాశివరావు తడుముకున్నాడు. కుర్చీ, గ్లాసు, పేపరు, ఫ్యాను, గది అన్నీ అయిపోయాయి. అటూ ఇటూ చూసిన చూపు వెళ్ళి ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చున్న మనిషి మీద ఆగింది.

"నా భార్య!"

మందిరం చప్పట్లతో మోగిపోయింది. ఆయన చేతులు జోడించి, "ఈ భార్య నాది కాదు" అని మూడుసార్లు అన్నాడు. పెద్ద కండువా భుజాల మీద పడ్డాక, దిగుతూ ఆవిడ పక్కకి వంగి, "ఊరికేనే రత్నం, కండువా కోసం" అన్నాడు.

శేషారత్నం ఆయన వైపు చూసింది. బాధ కలుగుతుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది. కలగలేదు. భుజం మీంచి ఎవరో బిందె దించినట్టు మాత్రం అనిపించింది.

"ఇప్పుడు సాధకురాలు శేషారత్నం!" అన్నాడు వామనమూర్తి. ఇంత కష్టపడి పెంచిన మమకారం ఇంతకు ముందు ఏదీ లేదు. "అమ్మా, పలుకవలెను. ఈ గది…"

"ఈ గది నాది."

"కాదు, కాదు అను పదము జారిపోయినది. మరల."

"జారలేదండీ. ఈ గది నాది."

"తల్లీ, ఇది త్యాగము…"

"నాది" అంది శేషారత్నం. "మూడుసార్లూ అయిపోయింది. కూర్చోనా?"

ఎవరూ ఊపిరి వదల్లేదు, వదిలేటప్పుడు ఏమనుకోవాలో ఎవరికీ తెలియలేదు. సదాశివరావు కండువా సర్దుకుంటూ లేచాడు.

"ఉండండి సార్, నేను చెప్తాను. నా భార్యకి…"

"క్షమించవలెను" అన్నాడు వామనమూర్తి. ఆయనకి నిబంధనలు ప్రాణం. "ఎవరి భార్య?"

సదాశివరావు కండువా వైపు చూసుకుని కూర్చున్నాడు.

వామనమూర్తి నిబంధనల పుస్తకం తెప్పించి నిలబడే చదివాడు. చదువుతుంటే ఆయన ముఖం రంగులు మారింది. "త్యాగము స్వచ్ఛందమై యుండవలెను. బలవంతముగా గైకొన్న త్యాగము చెల్లదు" అన్నాడు మెల్లిగా. పేజీ తిప్పాడు. "మమకారము వదలని సాధకులను కేంద్రము పంపివేయరాదు. వదలువరకు వారిని పోషించవలెను." పుస్తకం మూశాడు. "కావున సదరు సాధకురాలు… సదరు గదియందే… ఉండవలెను."

వెనక వరసలోంచి అండాలు లేచింది. "సారూ, నాది గూడ ఇప్పుడే రాసుకోండ్రి. నా గది నాదే. నాదే. నాదే." ఆవిడ కూర్చోకముందే ఇంకొకరు లేచారు. ఆ తరవాత ఎవరు లేచారో, ఎవరు కూర్చున్నారో తెలియలేదు. మందిరమంతా 'నాది, నాది' అని హోరెత్తింది. కేంద్రంలో అంత ఏకాగ్రతతో జరిగిన సామూహిక జపం అదొక్కటేనని తరవాత వాళ్ళ కరపత్రంలో వేసుకున్నారు.

వానాకాలం అయిపోవచ్చింది. సదాశివరావు ఇంటికి వెళ్ళలేదు. ఇంట్లో చారు పెట్టే మనిషి లేదని మొదట అన్నాడు. తరవాత తనే చారు పెట్టడం నేర్చుకున్నాడు. ఇక ఆ మాట చెప్పడానికి లేకపోయింది. అయినా వెళ్ళలేదు.

ఒక సాయంత్రం శేషారత్నం తలుపు మీద చప్పుడైంది. గట్టిగా కాదు. వేలి కణుపుతో కొట్టి చూసినట్టు.

"ఎవరూ?"

"నేనే."

"నేనే అంటే?"

"సదాశివరావుని."

"ఏం కావాలి?"

ఏం కావాలో ఆయన నిజంగానే వెతుక్కుంటున్నట్టుంది. "ఏం వద్దు" అన్నాడు చివరికి. "ఊరికే వచ్చాను. నువ్వు ఖాళీగా ఉంటే కాసేపు కూర్చుందామని."

శేషారత్నం కిటికీలోంచి చూసింది. లోయ మీద మబ్బు విడిపోతోంది. తను ఖాళీగా ఉందో లేదో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందుకని కొంచెం ఆలోచించుకోవాల్సి వచ్చింది.

"ఇప్పుడు కాదు" అంది. "కాఫీ తాగుతున్నా. అయ్యాక పిలుస్తాను."

"సరే" అన్నాడాయన.

దూరమయ్యే అడుగుల చప్పుడు వినపడలేదు. మెట్టు మీద ఒక మనిషి మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా కూర్చున్న చప్పుడు వినపడింది.

ఆ కాఫీ తాగడానికి శేషారత్నానికి చాలాసేపు పట్టింది.